అతిథితో మాట్లాడే ఇంగ్లీషు

"అయ్యగారూ, మా పోరనికి ఇంగ్లీషు ఒక్కటొస్తే చాలు, హోటల్ల మంచి నౌకరి దొరుకుతదట. ఏడ నేర్పియ్యాలె?"

కరీంనగర్, జగిత్యాల, మంచిర్యాల, నిర్మల్ ప్రాంతములలోని సంఘములకు వెళ్ళినప్పుడు తల్లిదండ్రులు మమ్మును తరచుగా అడిగే ప్రశ్న ఇది. మంచి ప్రశ్నే. కాని ఇందులో 'ఇంగ్లీషు' అంటే ఏ ఇంగ్లీషు, 'హోటలు' అంటే అందులో ఏ పని అని ఆలోచించేవారు తక్కువ. ఆ రెండూ తెలియకుండానే ఫీజులు కట్టడము, అప్పు తేవడము, పాస్‌పోర్టు ఏజెంటు చేతికివ్వడము జరిగిపోతున్నాయి. అందుచేత ఈ నెల మన కుటుంబములలోని యౌవనస్థులను, వారి తల్లిదండ్రులను మనసులో ఉంచుకొని ఈ సంగతి కొంచెము వివరముగా వ్రాయదలచాము.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెలనుండి మగవారు దుబాయి, మస్కట్, సౌదీ, ఖతర్ దేశములకు పోవడము కొత్త కాదు. తండ్రి పోయిన దారిలో కొడుకు, అన్న పంపిన వీసామీద తమ్ముడు పోయిన ఇండ్లు ప్రతి ఊరిలో ఉన్నాయి. మొదటి తరమువారు ఎక్కువగా కట్టడపు పనికి, కూలి పనికి పోయారు. ఇప్పుడు ఆ దేశములు నూనె ఆదాయము ఒక్కదానినే నమ్ముకొనక యాత్రికులను పిలుస్తున్నాయి. సౌదీ అరేబియా 2019 సెప్టెంబరులో విదేశీ పర్యాటకులకు వీసాలివ్వడము మొదలుపెట్టింది. కోవిడ్ వలన వాయిదా పడిన దుబాయి ఎక్స్‌పో 2021 అక్టోబరునుండి 2022 మార్చివరకు జరిగింది. ఆ ఏడాది చివరిలోనే ఖతర్‌లో ఫుట్‌బాల్ ప్రపంచకప్పు జరిగింది. వీటివలన అక్కడ హోటళ్ళు పెరిగాయి. ఇటు మన హైదరాబాదులోను, గోవాలోను హోటలు పని పెరిగింది. కాబట్టి తల్లిదండ్రులు చూస్తున్న దిక్కు తప్పేమీ కాదు.

అయితే పెద్ద హోటలులో పనులు రెండు విధములు. కొన్ని అతిథి కంటికి కనబడవు: గిన్నెలు కడగడము, లాండ్రీ, స్టోరులో సామాను ఎత్తడము, కూరగాయలు తరగడము. మరికొన్ని అతిథి ఎదుట నిలబడి చేసేవి: రిసెప్షను, బెల్ బాయ్, వెయిటరు, రూము సర్వీసు, టూరు డెస్కు, కారు డ్రైవరు. ఒకే ఊరినుండి, ఒకే చదువుతో, ఒకే ఏడాది పోయిన ఇద్దరిలో ఒకడు నాలుగేండ్ల తరువాత కూడ గిన్నెల దగ్గరే ఉండడము, మరొకడు రెస్టారెంటులో కెప్టెను కావడము మేము చూచాము. ఇద్దరూ కష్టపడినవారే. కాని వంటింటికి, భోజనశాలకు మధ్యనున్న తలుపు దాటాలంటే అతిథి అడిగినది అర్థము కావాలి, జవాబు చెప్పగలగాలి. ఫిలిప్పీన్స్ దేశస్థులు ఆ తలుపుకు ముందు వైపు ఎక్కువగా కనబడడానికి ఒక ముఖ్య కారణము, వారి దేశములో ఇంగ్లీషు కూడ అధికార భాష కావడము, చిన్ననాటినుండి బడిలో దానిని వింటూ ఉండడము.

భయమెందుకు?

మన పిల్లలు ఇంగ్లీషు అనగానే తల దించుకుంటారు. పదేండ్లు బడిలో చదివారు, పాసయ్యారు, అయినా ఎవరైనా విదేశీ ప్రసంగీకులు సంఘమునకు వచ్చినప్పుడు మంచినీళ్ళ గ్లాసు పట్టుకొని వెళ్ళి ఒక్క మాట అనలేక తిరిగి వస్తారు. "గ్రామరు రాదు అయ్యగారూ" అంటారు. గ్రామరు రానందువలన నోరు పెగలలేదని వారి నమ్మకము. మా నమ్మకము వేరు. నోరు పెగలడానికి ఎవరూ అవకాశము ఇవ్వలేదు, అంతే.

ఉట్నూరు అంగడికి వెళ్ళి ఒక గంట నిలబడి చూడండి. ఇంట్లో గోండీ మాట్లాడే తల్లి షావుకారుతో తెలుగులో బేరమాడుతుంది, బట్టల దుకాణములో ఉర్దూలో అడుగుతుంది, సరిహద్దు దాటి వచ్చిన వ్యాపారితో మరాఠీలో నవ్వుతుంది. ఆమె ఒక్క భాషకైనా వ్యాకరణము చదివిందా? కొలాములు, లంబాడీలు కూడ అంతే. కరీంనగర్ పట్టణములో పుట్టినవారికి దక్కనీ ఉర్దూ ఆటలోనే వచ్చేస్తుంది. సిరిసిల్ల ప్రాంతమునుండి భివండి మగ్గాలకు పోయిన పద్మశాలీలు మరాఠీ, హిందీ ఏ బడిలో నేర్చారు? గల్ఫ్‌నుండి వచ్చిన మన పెద్దలు అరబ్బీ మాటలతో పాటు మలయాళము కూడ పట్టుకొని వచ్చారు, రూములో తోడున్నవారు కేరళవారు కనుక! ఇన్ని భాషలు చెవితో నేర్చిన జనము ఇంగ్లీషు దగ్గర మాత్రము కాగితము ముందు పెట్టుకొని కూర్చున్నారు. అక్కడ దారి తప్పింది.

ఆదిలాబాద్ వారికి తెలిసిన ఒక సంగతి ఇక్కడ చెప్పాలి. ఆస్ట్రియా దేశస్థుడైన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1940 దశకములో నైజాము రాజ్యపు అడవి గ్రామములలో నివసించాడు. మార్లవాయిలో గోండుల మధ్య ఉండి గోండీ నేర్చుకున్నాడు. 1943లో అక్కడే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ సమాధి నేటికీ మార్లవాయిలో ఉన్నది. ఆదిలాబాదు రాజగోండులను గూర్చి ఆయన 1948లో ప్రకటించిన పెద్ద గ్రంథము ఇంగ్లీషులో ఉన్నది. ఇంగ్లీషు ఆయన మాతృభాష కాదు, ఆయనది జర్మన్. పరాయివాడు వచ్చి మన అడవిలో కూర్చొని గోండీ నేర్చుకోగలిగినప్పుడు, మనవాడు హోటలులో అతిథితో నాలుగు మాటలాడడము అసాధ్యమని ఎందుకనుకోవాలి?

2022-23 విద్యాసంవత్సరమునుండి తెలంగాణ ప్రభుత్వ బడులలో ఇంగ్లీషు మీడియము మొదలైంది. ముందు ముందు వచ్చే పిల్లలకు ఈ భయము కొంత తగ్గవచ్చు. కాని తెలుగు మీడియములో చదువు ముగించి ఇప్పుడు ఇరువది, ఇరువదిరెండు ఏండ్ల వయసులో నిలబడియున్న వారి సంగతి ఏమిటి? ఈ వ్యాసము ముఖ్యముగా వారి కొరకే.

అతిథి ఏమి వింటాడు?

హోటలులో కావలసిన ఇంగ్లీషు వకీలు ఇంగ్లీషు కాదు, పత్రికల ఇంగ్లీషు కాదు. అది చాల చిన్నది. అతిథి రావడము, గది చూపడము, భోజనము వడ్డించడము, ఫిర్యాదు వినడము, దారి చెప్పడము, సాగనంపడము, ఇంతలోనే తిరుగుతుంది. రోజూ అవే మాటలు. చిన్నది కాబట్టే అందులో తప్పు జరిగితే వెంటనే బయటపడుతుంది.

మొట్టమొదట మర్యాద. మన తెలుగులో మర్యాద క్రియకు అంటుకొని ఉంటుంది. 'కూర్చో' అంటే ఒకటి, 'కూర్చోండి' అంటే ఒకటి. మన ప్రాంతములో 'కూసోండ్రి' అంటాము, ఆ చివరి అక్షరములోనే గౌరవమంతా ఉంది. ఇంగ్లీషులో నువ్వు, మీరు అనే తేడా లేదు, అందరికీ ఒకటే 'యు'. 'అండి' తగిలించడానికి అక్కడ చోటు లేదు. కనుక మనవాడు మనసులో ఎంతో గౌరవముంచుకొని "వాట్ యు వాంట్?" అంటాడు. వినేవానికి అది 'ఏం కావాల్రా నీకు' అన్నట్టు వినబడుతుంది! ఇంగ్లీషువారు మర్యాదను వేరే చోట పెట్టారు. "హౌ మే ఐ హెల్ప్ యు?", "వుడ్ యు లైక్ సమ్ వాటర్?", "కుడ్ యు ప్లీజ్ సైన్ హియర్?" ఇందులోని 'మే', 'వుడ్', 'కుడ్', 'ప్లీజ్' అనే చిన్న మాటలే వారి 'అండి'. ఈ ఒక్క సంగతి బాగా అర్థమైతే సగము ఇంగ్లీషు వచ్చినట్లే అని మేము చెబుతుంటాము. "జర ఆగుండ్రి" అనే మాటను "వెయిట్" అని ఒక్క ముక్కలో అనకూడదు, "వన్ మొమెంట్ ప్లీజ్, సర్" అనాలి. "నో" అని ముఖముమీద అనడముకంటె "ఐ యామ్ సారీ, సర్, లెట్ మి చెక్" అనడము మంచిది.

రెండవది అంకెలు. వినడానికి తేలికగా ఉంటాయి గాని తప్పులు ఎక్కువగా ఇక్కడే. థర్టీన్, థర్టీ, ఫిఫ్టీన్, ఫిఫ్టీ. పదమూడు, ముప్పది. పదిహేను, యాభై. మన నోట రెండూ ఒకేలా పలుకుతాయి. 315వ గదికి పోవలసిన సామాను 350కి పోతే నవ్వుకోవచ్చు; విమానమునకు వెళ్ళే అతిథి కారు నాలుగు పదిహేనుకు అడిగితే నాలుగు యాభైకి పంపితే నవ్వడానికి వీలుండదు. అందుకే గది నంబరును ఒక్కొక్క అంకెగా తిరిగి చెప్పి సరిచూసుకోవాలి: "త్రీ, వన్, ఫైవ్, సర్?" అట్లాగే పేరు వ్రాసుకునేటప్పుడు బి, డి, పి, టి అక్షరములు ఫోనులో కలిసిపోతాయి. విమానములవారు, హోటలువారు 'ఎ' అంటే ఆల్ఫా, 'బి' అంటే బ్రావో, 'సి' అంటే చార్లీ, 'డి' అంటే డెల్టా అని ఒక పట్టిక వాడతారు. ఇరువదియారు మాటలు, ఒక వారము పని.

ఉచ్చారణ గూర్చి అడుగుతారు. ఎఫ్రాయిమువారు 'షిబ్బోలెతు' అనలేక 'సిబ్బోలెతు' అని పట్టుబడిపోయిన సంగతి బైబిలు చదివేవారికి తెలిసినదే. మన చిక్కు వేరు. ప్రతి మాట చివర అచ్చు తగిలించడము మన అలవాటు: రూము, బెడ్డు, కీసు, బస్సు. తెలుగులో అది అందము, ఇంగ్లీషులో అది కలత. 'రూమ్', 'బెడ్' అని చివర అచ్చు లేకుండ ఆపడము నేర్చుకోవాలి. 'వెజిటబుల్'ను 'వెజిటేబుల్' అని బల్ల చేయరాదు. అంతకుమించి ఇంగ్లండువారిలాగ, అమెరికావారిలాగ పలకాలని తాపత్రయపడనక్కరలేదు. ముక్కుతో మాట్లాడితే గొప్ప అనుకునే యౌవనస్థులున్నారు, వారి మాట అమెరికావారికీ అర్థము కాదు, మనకూ అర్థము కాదు. నిదానముగా, స్పష్టముగా మాట్లాడితే చాలు.

ఇక మనము ఇంగ్లీషే అనుకునే మాటలు కొన్ని ఉన్నాయి, అవి మన దేశము దాటితే చెల్లవు. 'పార్సిల్' అంటే బయటివారికి తపాలా మూట గుర్తుకొస్తుంది. భోజనము కట్టి ఇవ్వడాన్ని 'టేక్ అవే' అంటారు. 'టిఫిన్' అంటే తెలియదు, 'బ్రేక్‌ఫాస్ట్' అనాలి. మన 'బ్రింజాల్' అమెరికావారికి 'ఎగ్‌ప్లాంట్', ఇంగ్లండువారికి 'ఓబర్జీన్'. 'లేడీస్ ఫింగర్'ను 'ఓక్రా' అంటారు, 'కర్డ్' బదులు 'యోగర్ట్' అంటే త్వరగా తెలుస్తుంది. రాత్రివేళ అతిథి లోపలికి రాగానే "గుడ్ నైట్" అంటే వెళ్ళిపొమ్మన్నట్లే, ఎంత చీకటి పడినా ఎదురైనప్పుడు "గుడ్ ఈవెనింగ్" అనాలి. మనము తల ఊపే తీరు కూడ పరదేశీయులకు అవునో కాదో తెలియదు. నోటితో "యెస్ మేడమ్" అనాలి.

అన్నింటికంటె బరువైనది ఒకటి. అతిథి "ఐ యామ్ అలర్జిక్ టు నట్స్" అంటాడు. పల్లీ, జీడిపప్పు, బాదము వంటివి తన ఒంటికి పడవని దాని అర్థము. కొందరికి అవి తగిలితే ఊపిరి ఆడక ప్రాణము పోయే స్థితి వస్తుంది. అర్థము కాకపోయినా మన అలవాటు ప్రకారము నవ్వి తల ఊపి "ఓకే సర్" అని వంటింటికి వెళ్ళితే? మన కూరలలో జీడిపప్పు ముద్ద పడుతుందని అతనికి తెలియదు. అర్థము కానప్పుడు "సారీ సర్, కుడ్ యు ప్లీజ్ సే దట్ అగెయిన్?" అని మళ్ళీ అడగడము, అప్పటికీ తెలియకపోతే సూపర్‌వైజరును పిలవడము, ఇదే హోటలు ఇంగ్లీషులో మొదటి పాఠము కావాలి. అడగడము సిగ్గు కాదు. మా ఆలోచనలో, ఈ ఒక్క వాక్యము ధైర్యముగా అనగలవాడు, పదివేల మాటలు కంఠస్థము చేసి అడగడానికి జంకేవానికంటె మంచి పనివాడు.

ఎక్కడ, ఎట్లు నేర్వవలెను?

ముప్పది దినములలో ఇంగ్లీషు అని బోర్డులు పెట్టినచోట్లకు పోవద్దని మేము అనము. మంచి గురువులు ఉన్నారు. కాని చేరేముందు ఒక రోజు వెనుక బల్లమీద కూర్చొని చూడండి. గంటలో ఎంతసేపు గురువు మాట్లాడుతున్నాడు, ఎంతసేపు పిల్లలు మాట్లాడుతున్నారు? బోర్డుమీద టెన్సుల పట్టిక వ్రాయడమే గంటంతా జరిగితే, ఆ పట్టిక బజారులో దొరికే పుస్తకములోనూ ఉంటుంది.

ఇంటిలో చేయగలిగినది చాల ఉంది. ఇద్దరు కలవాలి, ఒక్కడే చేస్తే సాగదు. సాయంత్రము అరగంట ఒకడు అతిథి, ఒకడు రిసెప్షను. మరునాడు మార్చుకోవాలి. గదిలో ఏసీ పనిచేయడము లేదని, బిల్లు తప్పుగా వేశారని, తువ్వాలు తడిగా ఉందని అతిథి కోప్పడాలి. కోపములో ఉన్న మనిషికి జవాబివ్వడము రాకపోతే మిగిలినది వచ్చి లాభము లేదు. చేతిలోని మొబైలులో ఆ మాటలు రికార్డు చేసి వింటే మన తప్పు మనకే తెలుస్తుంది. మొదటిసారి విన్నప్పుడు సిగ్గుగా ఉంటుంది, రెండవ వారమునకు పోతుంది. రోజూ ఒక ఇంగ్లీషు పేరా బిగ్గరగా చదవడము కూడ మంచిది, లోపల చదివితే నోరు కదలదు.

మాట్లాడడానికి విషయము కావాలి కదా! మన ప్రాంతమే విషయము. అతిథి "వేర్ ఆర్ యు ఫ్రమ్?" అని తప్పక అడుగుతాడు. "కరీంనగర్" అని ఊరుకుంటే మాట అక్కడే తెగిపోతుంది. వెండి తీగను దారమువలె సాగదీసి పెట్టెలు, నగలు చేసే పనివారున్న ఊరని చెప్పవచ్చు. మానేరు ఒడ్డున ఎలగందుల కోట ఉందని చెప్పవచ్చు. నిర్మల్‌వాడు పొనికి కర్రతో బొమ్మలు చేసే తీరు చెప్పగలగాలి: తేలికైన కర్ర, చింతగింజల పిండితో అతుకు, పైన రంగు. గోదావరి ఒడ్డున బాసర. కేస్లాపూర్‌లో పుష్య మాసపు అమావాస్యనాడు మెస్రం వంశపు గోండులు జరిపే నాగోబా జాతర. 1940లో కొమురం భీము పోరాడి మరణించిన జోడేఘాట్. పొరుగున ములుగు జిల్లాలో 1213 నాటి రామప్ప దేవాలయము 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మన సంఘములవారికి చిరపరిచితమైన మెదకు చర్చి ఉన్నది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడిన ఆ ఆలయమును కరువు రోజులలో పేదలకు పని, కూడు కల్పిస్తూ పాస్నెట్ దొర కట్టించిన కథ, రంగుటద్దముల కిటికీలలో క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము కనబడే తీరు, ఇవన్నీ తెలుగులో మనకు నోటికి వచ్చినవే. వాటినే పది చిన్న ఇంగ్లీషు వాక్యములుగా చేసుకుంటే అది గైడు పని మొదలుపెట్టినట్లే.

నేరడిగొండ దగ్గర కుంటాల జలపాతము దాదాపు 45 మీటర్ల ఎత్తునుండి దూకుతుంది. అందమే కాదు, అపాయము కూడ. అక్కడి గుండములలో మునిగి చనిపోయినవారున్నారు. "ద రాక్స్ ఆర్ స్లిపరీ. ప్లీజ్ డోంట్ గో బియాండ్ దిస్ పాయింట్" అని గట్టిగా, మర్యాదగా చెప్పగలగడము అక్కడ నిలబడే కుర్రవానికి వర్ణనకంటె ముఖ్యము.

ఇక్కడ ఒక మాట దాచకుండ చెప్పాలి. కుంటాలకు, పొచ్చెరకు, జన్నారము దగ్గర కవ్వాల్ అడవికి వచ్చేవారిలో ఎక్కువమంది హైదరాబాదునుండి, మహారాష్ట్రనుండి వచ్చేవారు. వారికి తెలుగు, హిందీ, మరాఠీ చాలు. కవ్వాల్‌ను 2012లో పెద్దపులుల అభయారణ్యముగా ప్రకటించినా, అక్కడ ఇంగ్లీషుతో బ్రతుకుదెరువు ఇంకా కొద్దిమందికే. కాని ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వారు ఉత్తరముగా చూడాలి. సరిహద్దు దాటితే చంద్రపూర్ జిల్లాలో తడోబా అడవి ఉన్నది, పులిని చూడడానికి విదేశీయులు అక్కడికి వస్తారు. ఇటు టిపేశ్వర్ కూడ దగ్గరే. మరాఠీ, హిందీ, గోండీ ఇదివరకే వచ్చి, అడవి తెలిసినవాడు దానిపైన కొంత ఇంగ్లీషు కలుపుకుంటే అక్కడి రిసార్టులలో నగరమునుండి వచ్చినవానికంటె ముందుంటాడు. పిట్టపేరు, చెట్టుపేరు గోండీలో తెలిసినవానికి ఇంగ్లీషులో ఆ పేరు నేర్చుకోవడము కష్టమా?

పద్ధతి ప్రకారము చదవాలనుకునేవారికి హైదరాబాదులో 1972నుండి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హోటల్ మేనేజ్‌మెంట్ ఉన్నది. ఇంటరు తరువాత మూడేండ్ల డిగ్రీ, జాతీయ స్థాయి ప్రవేశ పరీక్ష, ఆ పరీక్షలో ఇంగ్లీషుకు ప్రత్యేక భాగము ఉంటుంది. గచ్చిబౌలిలో నిథమ్ అనే పర్యాటక, ఆతిథ్య విద్యాసంస్థ ఉంది. యాత్రికులకు తోడు వెళ్ళదలచినవారి కొరకు కేంద్ర పర్యాటక శాఖ 2020లో ఇంటినుండే చదువుకునే ఇన్‌క్రెడిబుల్ ఇండియా టూరిస్ట్ ఫెసిలిటేటర్ అనే కోర్సు తెచ్చింది. వీటి వివరములు ఆయా సంస్థలలోనే స్వయముగా కనుక్కోండి, మధ్యవర్తిని అడగవద్దు.

ఇంటివారి సందేహములు

హోటలంటే సారా అని, పిల్లవాడు చెడిపోతాడని తల్లుల భయము. భయము నిరాధారము కాదు. పెద్ద హోటళ్ళలో బార్ ఉంటుంది, వెయిటరుకు ఆ పని పడవచ్చు. అయితే హౌస్‌కీపింగ్, ఫ్రంట్ ఆఫీస్, వంట, బేకరీ విభాగములు వేరు. మనస్సాక్షి ఒప్పుకోనివారు చేరేముందే ఏ విభాగమో అడిగి తెలుసుకోవాలి, చేరిన తరువాత పేచీ పెట్టరాదు. ఆదివారము సంగతి కూడ ముందే ఆలోచించుకోవాలి. అందరి సెలవు దినమే హోటలువారి పని దినము. క్రిస్మస్ రాత్రి కుటుంబమంతా గుడిలో ఉన్నప్పుడు ఇతడు ఎవరి బల్లకో కేకు మోస్తుంటాడు. గల్ఫ్‌లోని తెలుగు సహవాసములు చాలవరకు శుక్రవారము కూడుకుంటాయి కనుక అక్కడ కొంత వీలు దొరుకుతుంది, డ్యూటీ కుదిరితే.

ఆడపిల్లల విషయములో మన ఇండ్లలో మాట మొదలుకాకముందే ముగిసిపోతుంది. రిసెప్షనులో, హౌస్‌కీపింగులో, విమానాశ్రయములలో గౌరవముగా పనిచేస్తున్న స్త్రీలు ఎందరో ఉన్నారు. రాత్రి డ్యూటీకి రాకపోకల బండి ఎవరిది, హాస్టలు ఎవరు చూస్తారు అని అడగడము తండ్రి బాధ్యత. అడిగి, చూచి, తరువాత కాదనండి. అడగకుండానే కాదనడము న్యాయము కాదు. నిజము చెప్పాలంటే మన సంఘములలో మగపిల్లలకంటె ఆడపిల్లలే ఇంగ్లీషు తొందరగా పట్టుకుంటున్నారు.

మొదట చదవవలసిన ఇంగ్లీషు

అతిథితో మాట్లాడే ఇంగ్లీషుకంటె ముందు అవసరమయ్యే ఇంగ్లీషు ఒకటున్నది. అది తన కాంట్రాక్టు కాగితము మీద ఉన్నది. గల్ఫ్ ఉద్యోగపు ఒప్పందము అరబ్బీలో, ఇంగ్లీషులో వస్తుంది, తెలుగులో రాదు. ఏజెంటు "హోటలు జాబు" అని నోటితో చెబుతాడు. కాగితముమీద 'క్లీనర్' అని ఉంటుంది. 'స్టూవార్డింగ్' అని ఉంటే అది విమానములోని స్టూవార్డు ఉద్యోగము కాదు, వంటింటి వెనుక గిన్నెలు కడిగే విభాగము. ఒక్క మాట తెలియక అప్పుచేసి పోయినవారున్నారు, ఆ అప్పు వడ్డీతో తీర్చడానికే రెండేండ్లు పట్టింది.

కొన్ని మాటలు నేర్పుతాము, వ్రాసి పెట్టుకోండి. 'బేసిక్ శాలరీ' అంటే అసలు జీతము. అలవెన్సులు వేరు. ఎమిరేట్స్‌లో పని ముగించి వచ్చేనాడు ఇచ్చే గ్రాట్యుటీని బేసిక్‌మీదనే లెక్క కడతారు, కనుక మొత్తము పెద్దదిగా చూపి బేసిక్ చిన్నదిగా వ్రాస్తే చివరిలో నష్టము. 'ఫుడ్ ప్రొవైడెడ్' అంటే భోజనము పెడతారు, 'ఫుడ్ అలవెన్స్' అంటే డబ్బిస్తారు. రెండూ లేకపోతే తిండి ఖర్చు తనదే. 'అకామడేషన్' అంటే బస. 'ప్రొబేషన్', 'నోటీస్ పీరియడ్', 'ఓవర్‌టైమ్', 'వీక్లీ ఆఫ్' అనే మాటల ప్రక్కన ఏ అంకె ఉన్నదో చూడాలి. ఖాళీగా వదిలిన చోటు ఉంటే సంతకము పెట్టరాదు.

వీసామీద 'విజిట్' అని ఉంటే అది చూడడానికి పోయే వీసా. దానిమీద పని చేయడము అక్కడి చట్టమునకు విరుద్ధము, పట్టుబడితే ఏజెంటు కాదు, మన పిల్లవాడు శిక్ష అనుభవిస్తాడు. ఏజెంటు ప్రభుత్వ లైసెన్సు ఉన్నవాడా కాదా అని ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో చూడవచ్చు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టపు నియమముల ప్రకారము అతడు తీసుకోదగిన సేవా రుసుము ముప్పది వేల రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతకు మించరాదు. లక్షన్నర, రెండు లక్షలు అడిగితే రసీదు అడగండి, ఏమంటాడో చూడండి. రాష్ట్ర ప్రభుత్వమునకే టామ్‌కామ్ అనే సంస్థ హైదరాబాదులో ఉన్నది, అది విదేశీ ఉద్యోగములకు మనుష్యులను పంపుతుంది, ముందు అక్కడ అడిగి చూడండి. పదవ తరగతి పాసైనవారికి పాస్‌పోర్టులో ఎమిగ్రేషన్ చెక్ అవసరము ఉండదు, పాసు కానివారు ఆ అనుమతి తీసుకొని, బీమాతో పోవాలి. ఆ బీమా చట్టప్రకారము తప్పనిసరి.

సంతకము పెట్టేముందు కాగితము ఒక రాత్రి ఇంటిలో ఉంచండి. ఏజెంటు తొందరపెడతాడు, ఫ్లైటు ఉందంటాడు, వేరేవాడు కాచుకొని ఉన్నాడంటాడు. ఉండనివ్వండి. ఇంటరు చదివే చెల్లెలుంటే ఆమెను పిలిచి, తల్లిదండ్రులు కూర్చొని వినుచుండగా, ఒక్కొక్క వరుస బిగ్గరగా చదివించి తెలుగులో చెప్పించండి. తెలియని మాటక్రింద గీత గీసి మరునాడు బడి పంతులును గాని, మీ అయ్యగారిని గాని అడగండి. కాగితము, పాస్‌పోర్టు, వీసా మూడింటి నకళ్ళు రెండేసి తీసి, ఒకటి పిల్లవాని పెట్టెలో, ఒకటి ఇంటి బీరువాలో పెట్టండి. ఏజెంటు పేరు, లైసెన్సు నంబరు, పోయే కంపెనీ ఫోను నంబరు ఆ నకలు వెనుకనే వ్రాసి పెట్టండి.